డెడ్‌లైన్ అనే మాటలో ఆ 'డెడ్' ఎక్కడిది?

నీలిసిరా:
ఆఫీసు మెయిళ్ళలో, అప్లికేషన్లలో, ఎక్కడ చూసినా ఈ మాటే. గడువుకీ చావుకీ ఏమిటి సంబంధం? దీని పుట్టుక తెలిసినవాళ్ళు చెప్పండి. వాడుక గురించి కూడా రాయండి. మా టీమ్‌లో ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తున్నారు, ఎవరిది సరైనదో తేలట్లేదు.

చరిత్రప్రియ:
సంబంధం ఉంది, అదీ అక్షరాలా చావుతోనే. అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు, 1864 ఫిబ్రవరిలో, దక్షిణాది ప్రభుత్వం జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో ఒక యుద్ధఖైదీల శిబిరం తెరిచింది. చుట్టూ ఎత్తయిన దుంగల గోడ ఉండేది. గోడకి లోపలివైపు, సుమారు 19 అడుగుల దూరంలో, తేలికపాటి కర్రల కంచె ఒకటి వేశారు. దాన్నే 'డెడ్ లైన్' అనేవారు. అది దాటిన ఖైదీని గోడ మీది కావలివాళ్ళు కాల్చేయవచ్చు.

ఆ శిబిరంలో మొత్తం 45,000 మందిని ఉంచితే దాదాపు 13,000 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది తూటాలు కాదు, రోగాలు, ఆకలి, మురికి నీళ్ళు. యుద్ధం ముగిశాక శిబిరం అధికారి హెన్రీ విర్జ్‌ని విచారించి 1865 నవంబర్ 10న ఉరితీశారు. ఆ విచారణలో ఈ గీత ప్రస్తావన చాలాసార్లు వచ్చింది. ఉత్తరాది శిబిరాల్లోనూ ఇలాంటి గీతలు ఉండేవి కాబట్టి ఇది ఒక పక్షానికే అంటగట్టాల్సిన పాపం కాదు.

ఇదంతా చదివాక 'డెడ్‌లైన్ దాటితే చంపేస్తారు' అని సరదాకైనా అనడానికి నాకు మనసు రావట్లేదు.

అచ్చుపని:
మా వృత్తిలో దీనికి ఇంకో అర్థం ఉండేది. పాత సిలిండర్ ప్రెస్సులో టైపు పేర్చే బల్ల మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత అవతల పెట్టిన అక్షరం అచ్చులో పడదు. 20వ శతాబ్దం మొదట్లో ఆ గీతనీ డెడ్‌లైన్ అనేవారు. ఆ కాలంలోనే అమెరికా పత్రికలవాళ్ళు 'ఈ టైము దాటాక వచ్చిన వార్త ఈ ఎడిషన్‌లోకి వెళ్ళదు' అనే అర్థంలో ఈ మాటని వాడటం మొదలుపెట్టారు. 1920 నాటికి ఆ వాడుక స్థిరపడింది. ఇప్పుడు మనం వాడేది ఆ అర్థమే.

నీలిసిరా:
అంటే జైలు నుంచి ప్రెస్సుకి, ప్రెస్సు నుంచి మనకి వచ్చిందనుకోవచ్చా?

చరిత్రప్రియ:
అంత సూటిగా కలపలేం అండీ. జైలు కంచె నుంచే ప్రెస్సు గీతకి ఆ పేరు వచ్చిందని చూపే ఆధారం లేదు. కానీ మధ్యకాలంలో 'దాటకూడని హద్దు' అనే అర్థం జనంలో తిరుగుతూనే ఉంది. 1880లో న్యూయార్క్ పోలీసు అధికారి థామస్ బర్న్స్ ఫుల్టన్ వీధిని డెడ్‌లైన్‌గా ప్రకటించాడు. పాత నేరస్థులెవరైనా ఆ వీధికి దక్షిణాన, బ్యాంకులున్న వైపు, కనిపిస్తే అరెస్టే. అక్కడ చావు లేదు, హద్దు మాత్రమే మిగిలింది. పత్రికల దగ్గరికి వచ్చేసరికి ఆ హద్దు నేల మీంచి గడియారంలోకి మారింది. ఈ మాట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇదే.

భాషాంతరం:
వాడుక గురించి నేను చెప్తాను, రోజూ దిద్దే పని నాదే కాబట్టి.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది 'బై', 'అన్‌టిల్' దగ్గర. 'శుక్రవారానికల్లా పంపండి' అనాలంటే 'బై ఫ్రైడే'. 'శుక్రవారం దాకా పంపవచ్చు' అని మనసులో అనుకుని 'సబ్మిట్ అన్‌టిల్ ఫ్రైడే' అని రాసేస్తారు. అన్‌టిల్ అంటే ఆ పని అప్పటిదాకా సాగుతూనే ఉండాలి. ఒక్కసారి పంపే పనికి అది నప్పదు.

రెండోది, గడువు జరపడం. 'పుష్ బ్యాక్' అంటే వాయిదా, 'మూవ్ అప్' అంటే ఇంకా తొందరగా అని. తెలుగులో 'ముందుకు జరిపారు' అన్నా వినేవాళ్ళకి అనుమానమే కదా! అందుకే నేను ఏ భాషలోనైనా కొత్త తేదీనే రాసేస్తాను.

గడువు అందుకుంటే 'మీట్', దాటిపోతే 'మిస్', పెంచితే 'ఎక్స్‌టెండ్'. ఇక్కడ పెద్ద చిక్కేమీ లేదు.

కొత్తపాళీ:
డ్యూ డేట్, డెడ్‌లైన్ ఒకటేనా అక్కా?

భాషాంతరం:
చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి, కానీ బరువులో తేడా ఉందమ్మా. బిల్లు కట్టడానికి, లైబ్రరీ పుస్తకం తిరిగివ్వడానికి డ్యూ డేట్. దాటితే ఫైన్ కట్టి సర్దుకోవచ్చు. ఉద్యోగానికో స్కాలర్‌షిప్‌కో అప్లై చేయడానికి డెడ్‌లైన్. అది దాటితే సాధారణంగా తలుపు మూసుకున్నట్టే. కాన్పు తేదీకి మాత్రం డ్యూ డేటే, డెడ్‌లైన్ అని ఎప్పుడూ అనకూడదు.

పరిశోధకుడు:
ఒక్క మాట కలుపుతాను, రీసెర్చ్ చేసేవాళ్ళకి ఉపయోగం. కంప్యూటర్ సైన్స్ కాన్ఫరెన్సుల్లో గడువు పక్కన 'ఎనీవేర్ ఆన్ ఎర్త్' అని ఉంటుంది. భూమ్మీద ఏదో ఒక మూల ఇంకా ఆ తేదీ నడుస్తున్నంతసేపూ మీ పేపరు తీసుకుంటారని దానర్థం. లెక్క ప్రకారం అది యూటీసీకి, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే సమయానికి, 12 గంటలు వెనక. అంటే 15వ తేదీ గడువైతే యూటీసీలో 16వ తేదీ మధ్యాహ్నం 12 దాకా సమయం ఉన్నట్టే. ఇది తెలియక టెన్షన్‌తో సగం వండిన పేపర్లు ముందే పంపేసేవాళ్ళు ఎంతోమంది. ఆ మాట లేనిచోట మాత్రం ఏ టైమ్‌జోనో నిర్వాహకులకి మెయిల్ చేసి అడగండి.

నీలిసిరా:
అందరికీ థాంక్స్. మా టీమ్ మెయిళ్ళలో ఇకనుంచి 'బై' పెట్టి, తేదీ, గంట, టైమ్‌జోన్ మూడూ రాయమంటాను. అచ్చుపని గారూ, ఆ సిలిండర్ ప్రెస్సు గీత ఎలా ఉంటుందో చూపే ఫోటో ఏదైనా మీ దగ్గర ఉంటే పెట్టండి.