మార్కర్లు ముందా, కోతలు ముందా?

తరంగరేఖ:

అందరికీ నమస్తే. నేనూ నా తోటి ఎడిటరూ కలిసి ఒక పాడ్‌కాస్ట్ ఎడిట్ చేస్తున్నాం. ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పొసగడం లేదు. మీ అనుభవం చెప్పండి.

ఈసారి ఎపిసోడ్ నిడివి 52 నిమిషాలు. ముందుగా మొత్తం ఒకసారి విన్నాను. ఎక్కడ విషయం మారుతోంది, ఎక్కడ దగ్గు వచ్చింది, ఎక్కడ మాట తడబడింది, అన్నిటికీ మార్కర్లు, అంటే టైమ్‌లైన్ మీద పేరు రాసి పెట్టే గుర్తులు, పెట్టుకుంటూ వెళ్లాను. మొత్తం 41 అయ్యాయి. ఆ తర్వాత కత్తెర పట్టాను. నాలుగో నిమిషంలో ఒక దగ్గు, 3.4 సెకన్లు, తీసేశాను. తీరా తర్వాతి మార్కర్ దగ్గరికి వెళ్తే, "ప్రశ్న 2" అని రాసుకున్నది ప్రశ్న మొదట్లో లేదు, మధ్యలో ఉంది! శబ్దం ఎడమకు జరిగింది, మార్కర్ ఉన్నచోటే ఉండిపోయింది. పది కోతలయ్యేసరికి తేడా 43 సెకన్లకు చేరింది. గంటసేపు చేసిన పని ఎందుకూ పనికిరాకుండా పోయింది.

"మార్కర్లు చివర పెట్టాల్సినవి, ముందు కోసెయ్" అంటాడు నా తోటి ఎడిటర్. మొదటిసారి వింటున్నప్పుడే పెట్టకపోతే రెండోసారి అంతా వినాలి కదా అని నేనంటాను. ఎవరిది సరైన పద్ధతి?

కోతలడెస్క్:

మీ తోటి ఎడిటర్ చెప్పిందే నిజం. మార్కర్ వల్ల చివరికి లాభపడేది శ్రోత. అతని చేతికి వెళ్లేది చివరి ఫైల్. ఆ ఫైల్ ఇంకా తయారే కాకముందు దాని మీద గుర్తులు పెట్టడమంటే పునాది తవ్వకముందే తలుపులకు కొలతలు తీసుకోవడం.

ఒక్క దగ్గే కాదు. కోతలన్నీ అయ్యాక ముందు 12 సెకన్ల సంగీతం కలిపారనుకోండి, ప్రతి మార్కరూ 12 సెకన్లు వెనకబడుతుంది. యూట్యూబ్‌లో అధ్యాయాలు కనిపించాలంటే మొదటిది కచ్చితంగా 0:00 దగ్గర మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, వరస తప్పకూడదు, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. పని మధ్యలో పెట్టిన గుర్తులతో ఈ లెక్క కుదరదు. నేను ముందు కోస్తాను, తర్వాత సంగీతం కలుపుతాను, ఒక ఫైల్‌గా తీస్తాను, ఆ ఫైల్‌ని మళ్లీ తెరిచి మార్కర్లు పెడతాను. చివరిసారి ఎలాగూ వినాలి కదా, ఆ వినడంలోనే ఈ పని కూడా అయిపోతుంది.

నిశ్శబ్దం:

కోతలడెస్క్ గారూ, అధ్యాయాల వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ తరంగరేఖ గారి 41 మార్కర్లలో అధ్యాయాలు ఎన్ని ఉంటాయి? మహా అయితే ఏడెనిమిది. మిగతావన్నీ "ఇక్కడ కోయాలి", "ఇక్కడ గొంతు తగ్గింది", "ఈ వాక్యం రెండుసార్లు చెప్పారు" లాంటివి. కోతలయ్యాక వాటితో పనేముంది? అవి కోతకు ముందే ఉండాలి. మీరు చెప్పేది శ్రోత కోసం పెట్టే గుర్తు గురించి, ఆమె అడుగుతున్నది ఎడిటర్ కోసం పెట్టుకునే గుర్తు గురించి.

ఇక అసలు చిక్కు ముందూ వెనకా అన్నదాంట్లో లేదు, మార్కర్‌ని దేనికి కట్టాం అన్నదాంట్లో ఉంది. గడియారానికి కట్టిన మార్కర్ 5 నిమిషాల 10 సెకన్లంటే అక్కడే నిలబడుతుంది, కింద శబ్దం ఎటు పోయినా దానికి పట్టదు. శబ్దానికి కట్టిన మార్కర్ మాటతో పాటే జరుగుతుంది. తరంగరేఖ గారూ, మీవి గడియారానికి కట్టినవి.

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్కర్లను లేబుళ్లంటారు, వాటికి వేరే ట్రాక్ ఉంటుంది. ఆ లేబుల్ ట్రాక్‌ని ఆడియో ట్రాక్ కిందనే ఉంచి, సింక్-లాక్ (ట్రాక్‌లు కలిసి జరిగేలా చేసే సెట్టింగ్) ఆన్ చేసి కోస్తే, లేబుళ్లూ శబ్దంతో పాటు జరుగుతాయి. రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే రిపుల్ ఎడిటింగ్‌కి (కోసినచోట ఖాళీ మిగలకుండా తర్వాతి శబ్దం ముందుకు జరగడం) రెండు రకాలున్నాయి. ఒక్క ట్రాక్‌కే పెడితే పైనున్న మార్కర్లు కదలవు, అన్ని ట్రాక్‌లకూ పెడితే మార్కర్లు కూడా జరుగుతాయి. అందులోనే టేక్ మార్కర్ అని ఇంకోటి ఉంది, అది నేరుగా రికార్డింగ్‌కే అతుక్కుంటుంది. క్లిప్‌ని ఎక్కడికి లాగినా వెంట వస్తుంది. అంచు కుదిస్తే కనిపించదు, మళ్లీ సాగదీస్తే తిరిగి కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పని మొదలుపెట్టే ముందు ఒక్క చిన్న కోత కోసి, తర్వాతి మార్కర్ జరిగిందో లేదో చూసుకుంటే పది సెకన్లలో తేలిపోతుంది.

కోతలడెస్క్:

సింక్-లాక్ ఆన్ చేయడం ఒక్కరోజు మర్చిపోతే? పది కోతల తర్వాత గమనిస్తే? అప్పుడు అన్‌డూ చేసుకుంటూ వెనక్కి పోవడమే. ఒక బటన్ మీద ఆధారపడే పద్ధతి కంటే, బటన్ ఉన్నా లేకపోయినా నిలబడే పద్ధతి నాకు కావాలి.

నిశ్శబ్దం:

అన్‌డూ అక్కర్లేదండీ. ఆడాసిటీ లేబుళ్లను మామూలు టెక్స్ట్ ఫైల్‌గా బయటికి తీయొచ్చు. ఒక్కో వరసలో మొదలు, చివర, పేరు ఉంటాయి, కాలం సెకన్లలో ఉంటుంది. "312.600000" అని ఉన్నదాంట్లోంచి 3.4 తీసేస్తే 309.2. కోత తర్వాత ఉన్న వరసలన్నిటికీ స్ప్రెడ్‌షీట్‌లో ఒకేసారి తీసివేత చేసి, ఆ ఫైల్‌ని మళ్లీ లోపలికి తెచ్చుకోవచ్చు. తరంగరేఖ గారి 41 మార్కర్లు కూడా ఇలా బతికించుకోవచ్చు, ఏ కోత ఎంతో రాసిపెట్టుకుని ఉంటే.

మైక్‌పక్కన:

మీ ఇద్దరూ రికార్డింగ్ అయిపోయాక ఏం చేయాలో వాదించుకుంటున్నారు. గుర్తు పెట్టాల్సింది రికార్డింగ్ జరుగుతున్నప్పుడే అని నా అభిప్రాయం. మాట తడబడిన క్షణంలో ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మరుసటి రోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని దాన్నే మళ్లీ వెతకడం ఎందుకు?

ఆడాసిటీలో రికార్డింగ్ నడుస్తుండగానే కంట్రోల్-ఎమ్ నొక్కితే అక్కడ లేబుల్ పడుతుంది. రీపర్‌లోనూ అడోబీ ఆడిషన్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎమ్ ఒక్కటి నొక్కితే చాలు. కంప్యూటర్ చేతికి అందకపోతే చప్పట్లు కొడతాం. తప్పు పోతే రెండు, విషయం మారితే ఒకటి. తర్వాత తరంగరూపాన్ని దూరం నుంచి చూస్తే మాటలు కొండల్లా గుండ్రంగా కనిపిస్తాయి, చప్పట్లు మాత్రం సూది మొనల్లా లేచి ఉంటాయి. వినకుండానే కళ్లతో పట్టుకోవచ్చు. పైగా చప్పట్లు శబ్దంలోనే ఉంటాయి కాబట్టి ఏ కోతకూ చెదరవు, ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా ఉంటాయి. నిశ్శబ్దం గారు చెప్పిన "శబ్దానికి కట్టడం" అంటే ఇంతకంటే ఏముంటుంది?

తడబడిన వ్యక్తికి ఒక్క మాట చెప్పిపెట్టాలి: చప్పట్ల తర్వాత మూడు సెకన్లు ఆగి, వాక్యాన్ని మొదటి నుంచి చెప్పాలి. మధ్యలోంచి అందుకుంటే అతుకు తెలిసిపోతుంది.

తరంగరేఖ:

మైక్‌పక్కన గారూ, మా అతిథులు చాలామంది మైక్ ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి. మాట తడబడగానే పక్కన చప్పట్లు వినిపిస్తే ఇంకా టెన్షన్ పడతారు. ఒకసారి కీ నొక్కిన చప్పుడు కూడా రికార్డింగ్‌లో పడింది. అందుకే నేను ఆ జోలికి వెళ్లడం లేదు.

బీట్‌లెక్క:

మాటల సంగతి సరే. సంగీతం చేసేవాళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే "మార్కర్ శబ్దంతో పాటు జరగాలి" అన్నది అందరికీ వర్తించే సూత్రం కాదు.

120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు), ఒక్కో బార్‌కి (తాళంలో ఒక చుట్టుకి) నాలుగు బీట్లంటే, బార్‌కి 2 సెకన్లు. 31వ బార్ సరిగ్గా 60వ సెకను దగ్గర మొదలవుతుంది. "చరణం" అని అక్కడ మార్కర్ పెట్టాం. తర్వాత టెంపో 126కి పెంచాం. ఇప్పుడు 31వ బార్ 57.14వ సెకనుకే వచ్చేస్తుంది. మార్కర్ బార్‌తో పాటు రావాలా, 60 దగ్గరే ఉండాలా? పాట కడుతుంటే బార్‌తో రావాలి. దృశ్యానికి సంగీతం చేస్తుంటే, 60వ సెకనులో తలుపు తెరుచుకుంటుందనుకోండి, ఆ మార్కర్ అంగుళం కూడా కదలకూడదు. ఎందుకంటే టెంపో మారినా దృశ్యం మారదు. ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్‌లో మార్కర్ పెట్టేటప్పుడే బార్-బీట్‌కి కట్టాలా, అబ్సల్యూట్‌గా (గడియారానికి కట్టి) ఉంచాలా అని ఎంచుకోవచ్చు. ఒకే ప్రాజెక్ట్‌లో రెండు రకాలూ నాకు అవసరమవుతుంటాయి.

కాబట్టి గడియారానికి కట్టిన మార్కర్‌ని తప్పుపట్టకండి. కొన్ని పనులకు అదే కావాలి.

నిశ్శబ్దం:

ఒప్పుకుంటున్నాను. నేను మాటల రికార్డింగ్ వరకే ఆలోచించాను.

ఇంకో సంగతి. వింటూ నొక్కిన మార్కర్ ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది. చెవికి చేరి, మెదడు "ఇదే" అనుకుని, వేలు కదిలేసరికి పావు సెకను నుంచి అర సెకను దాకా పోతుంది. "ప్రశ్న" అనే మాట కోసం నొక్కితే అది "శ్న" మీద పడుతుంది. అందుకే నొక్కాక జూమ్ చేసి చూడాలి. "ప" లాంటి అక్షరానికి ముందు పెదాలు మూసుకున్న చిన్న ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో పెడితే అక్షరం తెగదు. "స"తో మొదలైతే జాగ్రత్త, దాని సవ్వడి మెల్లగా లేస్తుంది, చిన్న జూమ్‌లో అది నిశ్శబ్దంలాగే కనిపిస్తుంది. అక్కడ కోస్తే "సరే" కాస్తా "అరే" అయిపోతుంది. మాట ముందు ఊపిరి ఉంటే మార్కర్‌ని ఊపిరికి ముందే పెడతాను. ఊపిరి లేని మాట గోడలోంచి ఊడిపడ్డట్టు వినిపిస్తుంది.

కోతలడెస్క్:

ఇది బాగా చెప్పారు. కానీ 41 మార్కర్లకూ ఇంత శ్రద్ధ పెట్టి, తర్వాత వాటిలో ముప్పైని పారేయడం నా వల్ల కాదు. అంత సమయం చివరి ఏడెనిమిదింటికే ఇస్తాను.

మార్కర్లను ఇంకొకరికి పంపేవాళ్లకు ఒక హెచ్చరిక. వేవ్ (WAV) ఫైల్‌లో గుర్తులు ఎన్నో శాంపిల్ (శబ్దాన్ని కొలిచిన ఒక్కో చుక్క) దగ్గర అన్న లెక్కలో ఉంటాయి. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటులో 10 నిమిషాలంటే 2 కోట్ల 88 లక్షల శాంపిళ్లు. ఆ అంకెనే 44,100 ప్రాజెక్ట్‌లో యథాతథంగా వాడితే అది 10 నిమిషాల 53 సెకన్లవుతుంది. అంకెలు పంపుతుంటే సెకన్లలో పంపండి, లేదా రేటు కూడా రాయండి. నేను ఒకసారి ఇలాగే ఒక పూట పోగొట్టుకున్నాను.

తరంగరేఖ:

అందరికీ ధన్యవాదాలు. నిశ్శబ్దం గారు చెప్పినట్టు ముందు ఒక్క కోత కోసి చూశాను, మార్కర్ జరగలేదు. సెట్టింగ్ మార్చాక జరిగింది. తర్వాత ఒక 30 నిమిషాల రికార్డింగ్ మీద మొత్తం ప్రయత్నించాను. కోతకు సంబంధించిన వాటికి "క", విషయం మారే చోటికి "వి" అని పేర్లు పెట్టుకున్నాను. పని అయ్యాక "క"లన్నీ తీసేశాను. "వి"లు అన్నీ సరిగ్గా మాటల దగ్గరే ఉన్నాయి.

ఒక్కటి తప్ప. ఆ "వి" కనిపించలేదు. వెతికితే తెలిసింది: ప్రశ్నకు ముందున్న ఊపిరికి ఇవతల పెట్టాను, ఆ ఊపిరిని ఆనుకునే దగ్గు ఉంది. దగ్గుని కోసినప్పుడు మార్కర్ కూడా ఆ ముక్కతో పాటే పోయింది. ఊపిరికి ముందే పెట్టమన్నారు కదా, ఇలాంటి చోట ఏం చేస్తారు?

నిశ్శబ్దం:

అది నేను చెప్పడంలో లోపం. పని నడుస్తున్నప్పుడు "వి"ని ఖాళీలో పెట్టకండి, ప్రశ్నలోని మొదటి మాట మీదే పెట్టండి. ఆ మాటని ఎవరూ కోయరు కాబట్టి మార్కర్ భద్రంగా ఉంటుంది. కోతలన్నీ అయ్యాక ఊపిరికి ముందుకు జరుపుకోవచ్చు.

కోతలడెస్క్:

అంటే మార్కర్‌కి అసలు చోటు దొరికేది కోతలయ్యాకే కదండీ. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

నిశ్శబ్దం:

చోటు అప్పుడే దొరుకుతుంది, నిజమే. కానీ ఆ ఎనిమిది చోట్లు ఏవో ఆమెకు ముందే తెలుసు. మీరు ఇంకా వింటూనే ఉంటారు.