నాన్నకు పార్కిన్సన్స్: అమ్మ ఒప్పుకునే సహాయకుడిని ఎలా కుదుర్చుకోవాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు, పార్కిన్సన్స్ వ్యాధి. తెనాలిలో ఆయనా అమ్మా ఇద్దరే ఉంటారు. నేను పూణేలో, చెల్లెలు మస్కట్‌లో. లేపడం, స్నానం చేయించడం, రాత్రి పక్క మీద అటూ ఇటూ తిప్పడం అన్నీ అమ్మే. ఆమెకూ మోకాళ్ల నొప్పులున్నాయి.

మందుల వేళలే పెద్ద చిక్కు. లెవోడోపా మాత్రను భోజనానికి అరగంట ముందు వేయమన్నారు. పప్పు, గుడ్డు, పెరుగు లాంటి వాటిలోని మాంసకృత్తులతో కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదట. వేళ తప్పితే నాన్న గుమ్మం దగ్గరే అడుగు పడక నిలబడిపోతారు. ఏజెన్సీ పంపే మనుషులు మాటిమాటికీ మారిపోతుంటే ఇదంతా ఎవరికని నేర్పాలి? పైగా పరాయివాళ్లు వంటింట్లో తిరిగితే అమ్మకు పడదు. ఆమెను తప్పుపట్టలేను.

డెబ్బై దాటినవారికి ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఇంటి సేవకు కాదు.

గుంటూరు, తెనాలి వైపు పగలు మాత్రమే వచ్చే నమ్మకమైన సహాయకుడిని మీరెలా వెతికారు? జీతం, సెలవులు ముందే కాగితం మీద రాసుకున్నారా? వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసినవారికి ఇలాంటి విషయంలో ఏమైనా దారి చూపారా? ఇల్లు కదలడానికి వాళ్లిద్దరూ ఒప్పుకోరు, కాబట్టి దయచేసి వృద్ధాశ్రమం సలహా మాత్రం ఇవ్వకండి. అమ్మలాంటివారిని ఒప్పించినవాళ్లుంటే, మొదట ఏ పని అప్పగించారో చెప్పండి.