వీల్ అరిగిపోతే స్పీడ్ పెంచుకోవచ్చా? లేబుల్ మీది ఆర్‌పీఎమ్మే ఆఖరా?

పీణ్య_షెడ్డు:
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో మాకు చిన్న గ్రైండింగ్ షెడ్డు ఉంది. నాతో కలిపి అయిదుగురం, రెండు సిలిండ్రికల్ గ్రైండర్లు, ఎక్కువగా షాఫ్ట్ పని. మూడు రోజులుగా నాకూ మా మేస్త్రీకీ మాటల్లేవు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మేం వాడేది 350 మిల్లీమీటర్ల గ్రైండింగ్ వీల్ (సానరాయి), లోపలి బోరు, అంటే నడిమి రంధ్రం, 127. లేబుల్ మీద గరిష్ఠ వేగం సెకనుకు 35 మీటర్లు, 1910 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంటుంది. మెషిన్ స్పిండిల్, అంటే వీల్‌ని తిప్పే ఇరుసు, 1800 తిరుగుతుంది. కొత్త వీల్‌తో అంచు వేగం 33 మీటర్లు వస్తుంది, ఫినిష్ అద్దంలా ఉంటుంది. అదే వీల్ డ్రెస్ చేసీ చేసీ (డైమండ్ మొనతో వీల్ ముఖం చెక్కి పదును తేవడం) 250కి దిగేసరికి, అదే 1800 దగ్గర అంచు వేగం ఇరవై మూడున్నరకు పడిపోతుంది. ఇక వీల్ ఇసుకలా రాలుతుంది, జాబ్ (గ్రైండ్ చేసే వస్తువు) మీద గీతలు పడతాయి, సైజు నిలవదు.

పోయిన నెల మోటారుకు వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టించాను. 50 హెర్ట్జ్ నుంచి 70కి పెంచితే స్పిండిల్ 2520 తిరుగుతుంది, 250 వీల్‌కి మళ్ళీ 33 మీటర్లు వస్తాయి. అంచు వేగం మారనప్పుడు ప్రమాదం ఎలా పెరుగుతుందని నా వాదన. మేస్త్రీ మాత్రం "లేబుల్ మీద 1910 అని ఉంది, అది దాటితే నేను మెషిన్ ముందు నిలబడను" అంటున్నాడు. ఎవరిది కరెక్టు?

డిజైన్_ఇంజినీరు:
లెక్క మీ వైపే ఉంది. తిరిగే వీల్‌ని చీల్చాలని చూసే బలం ముఖ్యంగా అంచు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. లేబుల్ మీది 1910 అనేది 350 వ్యాసానికి కట్టిన లెక్క. 250 వ్యాసానికి అదే 35 మీటర్లంటే 2670 అవుతుంది.

ఒక చిన్న సవరణ మాత్రం ఉంది. బోరు దగ్గర ఒత్తిడి అంచు వేగం ఒక్కదాని మీదే ఆధారపడదు. వీల్ చిన్నదవుతుంది గానీ బోరు అంతే ఉంటుంది కదా, అందువల్ల అంచు వేగం మార్చకపోయినా బోరు అంచున ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. మీ కొలతలకు లెక్క వేసి చూశా, వందకు మూడు పాళ్ళు. అది పెద్ద పెరుగుదల కాదు. పైగా చాలా రకాల వీల్స్‌ని తయారీలోనే లేబుల్ వేగం కంటే బాగా ఎక్కువ వేగంతో తిప్పి పరీక్షిస్తారు.

అయితే స్పిండిల్ బేరింగులు 2520 మోయగలవా, బెల్టు, పుల్లీ ఆ వేగానికి సరిపడేవేనా అన్నది మెషిన్ పుస్తకంలో చూసుకోండి. 50 హెర్ట్జ్ దాటాక మోటారు టార్కు (తిప్పే బలం) కూడా తగ్గుతుంది.

టూల్‌రూమ్_తాత:
నేను ముప్పై ఏళ్ళకు పైగా గ్రైండింగ్ షాపుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు దాసరహళ్ళిలో ఉంటున్నా. ఇంజినీరు బాబు లెక్కలో తప్పు పట్టను. కానీ అది అరిగిన వీల్ గురించి వేసిన లెక్క. నా భయం దాని తర్వాత ఎక్కే కొత్త వీల్ గురించి.

ఒక షాపులో మాకు స్టెప్ పుల్లీ ఉన్న గ్రైండర్ ఉండేది. వీల్ అరిగాక బెల్టు రెండో మెట్టుకు మార్చేవాళ్ళం, వేగం నాలుగో వంతు పెరిగేది. ఒకరోజు మొదటి షిఫ్టు వాళ్ళు అలాగే వదిలి వెళ్ళారు. రెండో షిఫ్టులో వచ్చిన కుర్రాడు అరిగిన వీల్ తీసి కొత్తది వేశాడు. బెల్టు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పగులుందేమోనని వీల్‌ని తట్టి మోగించి కూడా చూడలేదు. స్విచ్ వేసి, అలవాటు ప్రకారం పక్కకు జరిగాడు. అదే అతన్ని బతికించింది.

నేను రెండు మెషిన్ల అవతల ఉన్నాను. ముందు సన్నటి కూత, తర్వాత గోడ కూలినంత చప్పుడు. వెళ్ళి చూస్తే గార్డు (వీల్ చుట్టూ ఉండే ఇనుప కవచం) ఉబ్బిపోయి ఉంది, కూలెంట్ (చల్లబరిచే నీళ్ళు) పైపు కొడవలిలా వంగిపోయింది. అరచేయంత ముక్క ఒకటి గార్డు నోట్లోంచి బయటికొచ్చి చెక్క టూల్ బీరువా తలుపులో దిగబడి ఉంది. నేల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి రవ్వ. ఆ కుర్రాడు మాట రాక చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఆ బీరువా తలుపు చాలా ఏళ్ళు మార్చనివ్వలేదు నేను.

నాలుగో వంతు పెరిగితేనే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఆ వీల్‌లో ముందే ఎక్కడో పగులు ఉండి ఉంటుంది, మామూలు వేగంలో నిలిచేదేమో, ఆ వేగానికి నిలవలేదు. పీణ్య బాబూ, నీ 70 హెర్ట్జ్ దగ్గర కొత్త 350 వీల్ ఎక్కితే అంచు వేగం 46 మీటర్లు, ఒత్తిడి దాదాపు రెట్టింపు. తయారీలో తిప్పి పరీక్షిస్తారన్న మాట నిజమే. ఆ పరీక్ష అయ్యాక అది లారీలో, ఆటోలో, మీ షెడ్డు మూలన ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవరు చూశారు?

ఫ్యాబ్రికేషన్_బొమ్మసంద్ర:
ఇదే లెక్క మాకూ పనికొస్తుందా అన్నా? ఏడు అంగుళాల కటింగ్ వీల్ సగం అరిగాక మావాళ్ళు దాన్ని నాలుగు అంగుళాల హ్యాండ్ గ్రైండర్‌కి వేస్తారు. ఏడు అంగుళాల వీల్ మీద 8500 అని ఉంటుంది, చిన్న మెషిన్ 11000 తిరుగుతుంది. అరిగి నాలుగు అంగుళాలైతే అంచు వేగం 58 మీటర్లే కదా, వీల్‌కి 80 దాకా అనుమతి ఉంది. పారేయడానికి మనసొప్పదు.

డిజైన్_ఇంజినీరు:
వద్దు. దయచేసి ఈ రోజే ఆపించండి. నేను పైన రాసినదాన్ని ఇక్కడికి తేవద్దు.

నిజంగా నాలుగు అంగుళాలయ్యేదాకా ఎవరూ ఆగరు. అయిదున్నర అంగుళాల ముక్కకే 11000 దగ్గర 80 దాటిపోతుంది. అంత పెద్దది గార్డులో పట్టదు కాబట్టి గార్డు ఊడదీస్తారు. ఏడు అంగుళాల వీల్ బోరు 22 మిల్లీమీటర్ల పైన, నాలుగు అంగుళాలదానికి 16. మధ్యలో ఏదో రింగు పెట్టి బిగిస్తారు. వీల్ నడిమధ్యకు కూర్చోదు, వీల్‌ని బిగించి పట్టే ఫ్లాంజి సరిగా పట్టదు. పైగా అది చేత్తో పట్టుకునే మెషిన్, ఎప్పుడు పక్కకు ఒరుగుతుందో తెలియదు, ముఖం అడుగు దూరంలో ఉంటుంది. సిలిండ్రికల్ గ్రైండర్‌లో వీల్ స్థిరంగా, మందపాటి గార్డు లోపల తిరుగుతుంది. రెండింటికీ పోలికే లేదు.

ఫ్యాబ్రికేషన్_బొమ్మసంద్ర:
రింగు సంగతి నిజం. మావాడు జీఐ పైపు ముక్క కోసి పెడుతున్నాడు. రేపు పొద్దున్నే ఆ ముక్కలన్నీ ఏరి విరగ్గొట్టిస్తా.

సేఫ్టీ_ఆఫీసర్_హోసూర్‌రోడ్:
చట్టం ఏం చెప్పిందో కూడా చూద్దాం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 30 ఇదే విషయం చెప్పేది. గ్రైండింగ్ జరిగే ప్రతి మెషిన్ దగ్గరా ఒక నోటీసు ఉండాలనేది. అందులో వీల్ గరిష్ఠ సురక్షిత అంచు వేగం, స్పిండిల్ వేగం, ఆ అంచు వేగం రావడానికి కావలసిన పుల్లీ వ్యాసం రాయాల్సి ఉండేది. రాసిన వేగాలు దాటకూడదని ఉండేది.

ఇంజినీరు గారు "చూశారా, అంచు వేగాన్నే లెక్కలోకి తీసుకున్నారు" అనవచ్చు. కానీ స్పిండిల్ వేగం కూడా అందులోనే ఉంది, రెండూ దాటకూడదు. కాబట్టి వేగం మార్చే మెషిన్ అయితే ఏ వ్యాసానికి ఏ వేగమో నోటీసులోకి ఎక్కాలి. మేస్త్రీకి నోటితో చెప్పి వదిలేస్తే కుదరదు. అయిదుగురే ఉన్న షెడ్డు ఆ చట్టం కింద ఫ్యాక్టరీ లెక్కలోకి రాకపోవచ్చు. వీల్ పగిలితే మాత్రం అయిదుగురా యాభై మందా అని చూడదు కదా, బోర్డు పెట్టండి.

నా మటుకు నేను లేబుల్ ఆర్‌పీఎం దాటడానికి ఒప్పుకోను. వీల్ తయారీదారు "ఈ వీల్‌ని ఈ వ్యాసం కింద ఇంత తిప్పవచ్చు" అని కాగితం మీద రాసిస్తే అప్పుడు చూస్తాను.

ఇన్‌స్పెక్షన్_అక్క:
నాదో ప్రశ్న. అసలు స్పీడ్ పెంచక తప్పదా? పదేళ్ళుగా గ్రైండింగ్ జాబులు చెక్ చేస్తున్నాను. వీల్ అరిగిందని చెప్పి వచ్చిన గీతల్లో చాలావరకు డ్రెస్సింగ్ డైమండ్ మొండిదైపోయి వచ్చినవే. తిప్పి కొత్త మొన పెట్టగానే పోయాయి.

అంచు వేగం తగ్గితే వీల్ మెత్తగా ప్రవర్తిస్తుంది, ఒక్కో రేణువు మీద ఎక్కువ కోత పడి రాలిపోతుంది. అది నిజమే. అలాంటప్పుడు జాబ్ తిరిగే వేగం కూడా అదే నిష్పత్తిలో తగ్గించి, ఇన్‌ఫీడ్ (వీల్ జాబ్‌లోకి దిగే మోతాదు) తగ్గించి చూశారా, పీణ్య గారూ? టైమ్ కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. వీల్ కొనేటప్పుడు ఒక గ్రేడు గట్టిది తీసుకోవడం ఇంకో దారి. కొత్తగా ఉన్నప్పుడు అది జాబ్‌ని కాల్చకుండా కూలెంట్ బాగా పట్టాలి. అన్నట్టు, వీల్ చిన్నదయ్యాక కూలెంట్ నాజిల్ దగ్గరికి జరుపుతున్నారా? చాలా షెడ్లలో అది కొత్త వీల్‌కి పెట్టిన చోటే ఉండిపోతుంది, నీళ్ళు జాబ్‌కి తగలకుండా గాల్లోనే పడుతుంటాయి.

పీణ్య_షెడ్డు:
అక్కా, నాజిల్ జరపలేదు. ఇప్పుడే వెళ్ళి చూశా, వీల్‌కి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. డైమండ్ కూడా తిప్పిస్తా. అవన్నీ చేసినా 250 దగ్గర ఫినిష్ పాత స్థాయికి వస్తుందని నమ్మకం లేదు. కస్టమర్ టైమ్ ఇవ్వడు, వీల్ ధర మీకు తెలుసు. తాతగారు చెప్పింది చదివాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. డ్రైవ్‌కి పాస్‌వర్డ్ పెట్టి తాళం నా దగ్గర ఉంచుకుంటే సరిపోదా?

డ్రైవ్_మెయింటెనెన్స్:
సరిపోదు అన్నా. పాస్‌వర్డ్ ఉంటే వేరేవాళ్ళు పెంచలేరు, అంతే. నువ్వు పెంచి మర్చిపోతే ఏది ఆపుతుంది? నువ్వు తిరుపతికి వెళ్ళిన రోజు వీల్ మారిస్తే డ్రైవ్ 70 మీదే ఉంటుంది. కరెంటు పోయి వచ్చినా 70 మీదే ఉంటుంది.

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) గ్రైండర్లలో డ్రెస్ చేసిన ప్రతిసారీ ఎంత తీసిందో కంట్రోలరే లెక్క పెట్టుకుని అంచు వేగం స్థిరంగా ఉంచుతుంది, వీల్ మార్చినప్పుడు కొత్త వ్యాసం అడుగుతుంది. అక్కడ కూడా తప్పు అంకె కొడితే ప్రమాదమే. నీది పాత మెషిన్, వీల్ ఎంతుందో దానికి తెలియదు. అందుకని ఇలా చేయొచ్చు. గార్డు తలుపు తీయకుండా వీల్ మార్చలేరు కదా. ఆ తలుపుకు లిమిట్ స్విచ్ (తలుపు తెరిచారా మూశారా అని పసిగట్టే స్విచ్) పెట్టి రిలే వేద్దాం. తలుపు ఒక్కసారి తెరుచుకుంటే చాలు, డ్రైవ్ 50కి దిగిపోవాలి, తలుపు మూసినా అక్కడే ఉండాలి. కరెంటు పోయి వచ్చినా 50 నుంచే మొదలవ్వాలి. మళ్ళీ పెంచాలంటే వీల్ కొలిచి, తాళంచెవి తిప్పాలి. డ్రైవ్‌లో గరిష్ఠ ఫ్రీక్వెన్సీ కూడా నువ్వు ఒప్పుకున్న అంకె దగ్గరే బిగించేయాలి.

టూల్‌రూమ్_తాత:
ఇది బాగుంది. దీనికి తోడు ఒక ఇనుప అడ్డు పెట్టించు. అరిగిన వీల్‌కి వేగం పెంచేటప్పుడు గార్డు లోపల ఒక కడ్డీ బయటికి జరపాలి. ఆ కడ్డీ ఉండగా 350 వీల్ లోపలికి పట్టకూడదు. స్విచ్‌లో దుమ్ము చేరుతుంది, తీగ తెగుతుంది, దాన్ని ఎవడో వైరు ముక్కతో కలిపేస్తాడు. కడ్డీకి ఆ బెడద లేదు. అయినా 2520 వద్దు అనే నా మాట, దాన్ని మార్చుకోను.

మేస్త్రీ_మేనల్లుడు:
నేను పీణ్య షెడ్డు మేస్త్రీ గారి మేనల్లుణ్ణి. ఇక్కడ రాసిందంతా మామకు చదివి వినిపించాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"ఓనరు చెడ్డవాడు కాదు. వీల్ మార్చేది నేను, మొదటి నిమిషం దాని పక్కన నిలబడేదీ నేనే. రాత్రి షిఫ్టులో ఉన్న ఒడిశా పిల్లలిద్దరికీ తెలుగూ రాదు, కన్నడా రాదు. మీరు గోడకు కాగితం అంటిస్తే వాళ్ళు చదవలేరు. గార్డు మీద రంగుల గీతలు గీయండి. వీల్ అంచు పసుపు గీత దాకా ఉంటే ఈ వేగం, ఎర్ర గీత కిందికి దిగితే వీల్ తీసేయాలి. ప్రతి కొత్త వీల్‌నీ నేను మోగించి చూశాకే ఎక్కించాలి. చెక్క పిడితో నాలుగు వైపులా తట్టినప్పుడు గంటలా పలకాలి, బొంగురుగా పలికితే పక్కన పడేస్తాను, ధర నన్ను అడగొద్దు. ఇవి జరిగితే 1910 దాకా నాకు అభ్యంతరం లేదు. ఆ పైన మాత్రం నేను నిలబడను."

డిజైన్_ఇంజినీరు:
మేస్త్రీ గారి మాట గౌరవిస్తాను. లెక్క ప్రకారం 2520 తప్పు కాదనే ఇప్పటికీ నా అభిప్రాయం, కానీ నేను పట్టించుకోనిదాన్ని తాతగారు పట్టుకున్నారు. నేను ఒక్క వీల్ చూశాను. ఆయన వీల్ తర్వాత వీల్ ఎక్కించే మెషిన్‌ని చూశారు.

పీణ్య_షెడ్డు:
మేనల్లుడూ, మామకు చెప్పు, ఈ సాయంత్రం నేనే వచ్చి మాట్లాడతాను.

ఇప్పటికి ఇలా అనుకున్నాను. డ్రైవ్‌ని 53 హెర్ట్జ్ దగ్గర బిగించేస్తున్నా, అంటే 1908. దాంతో 330 దాకా పూర్తి 33 మీటర్లు దక్కుతాయి. ఆ కిందికి దిగాక అక్క చెప్పినట్టు జాబ్ వేగం, ఇన్‌ఫీడ్ తగ్గించి చూస్తా. ఈ వేగానికి కొత్త వీల్ ఎక్కినా 35 దాటదు. అయినా తలుపు స్విచ్ పెట్టిస్తున్నా. వీల్ కంపెనీకి ఈ రోజే మెయిల్ రాశాను, 250 వ్యాసానికి ఎంత వేగం అనుమతిస్తారో రాతపూర్వకంగా చెప్పమని. జవాబు ఏదైనా ఇక్కడే పెడతా.

డ్రైవ్ అన్నా, ఆదివారం షెడ్డు సెలవు. ఎనిమిదో మైలు దగ్గర నుంచి నేనే బండి మీద తీసుకొస్తా. లిమిట్ స్విచ్ ఏ రకం కొనాలో చెప్పండి, మా దగ్గర కూలెంట్ చిమ్ముతుంది.

డ్రైవ్_మెయింటెనెన్స్:
నీళ్ళు పోనిది కొను, రోలర్ లీవర్ రకం. తలుపు తెరిస్తే కాంటాక్టు విడిపోయేలా కలుపుదాం, తీగ తెగినా 50కే దిగుతుంది. రంగు డబ్బాలు కూడా తీసుకురా, గీతలు మేస్త్రీ గారి చేతే గీయిద్దాం.