ఎస్టేట్ సేల్‌లో దొరికిన పాత మార్టిన్ ఉకులేలే: అసలుదేనా, వాయించొచ్చా?

ఈస్టన్ కోడలు:
నమస్కారమండీ. మేముండేది పెన్సిల్వేనియాలోని ఈస్టన్. మొన్న మా వీధిలో ఎస్టేట్ సేల్ (ఒక ఇంట్లో సామానంతా అమ్మేయడం) జరిగితే, కుట్టుసామాను పెట్టె కింద ఈ ఉకులేలే (గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) కనబడింది. అరవై డాలర్లన్నారు, బేరమాడకుండా తెచ్చేశాను. "ఇంట్లో ఉన్న చెత్త చాల్లేదా" అంటున్నారు మావారు.

ఒళ్లంతా ముదురు గోధుమరంగు చెక్క. అంచుల చుట్టూ పట్టీ లేదు. శ్రుతి చేసే బిరడాలు కూడా చెక్కవే. తల వెనక "సి. ఎఫ్. మార్టిన్ అండ్ కో., నాజరెత్, పీఏ" అని అదిమిన ముద్ర ఉంది గానీ సీరియల్ నంబరు ఎక్కడా లేదు. బ్రిడ్జి (కింద తీగలు కట్టే చెక్కముక్క) దగ్గర్నుంచి కింది అంచు దాకా వెంట్రుకవాసి పగులు, గోరు పెడితే తెలుస్తోంది. నాలుగు తీగల్లో ఒకటి స్టీలుది.

నంబరు లేదంటే నకిలీయా? మా అమ్మాయి స్కూల్లో నేర్చుకుంటోంది, దానికివ్వొచ్చా? తెలిసినాయన ఒకరు గీకి వార్నిష్ కొట్టిస్తే కొత్తదానిలా అవుతుందంటున్నారు.

పాతచెక్క:
ముందా తెలిసినాయన్ని ఉకులేలే దగ్గరికి రానివ్వకండి. మిగతావి తర్వాత.

నంబరు లేదని టెన్షన్ వద్దు. గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ వాళ్లు వాటికి నంబరు వేస్తారు. ఉకులేలేలకు 1916లో మొదటి కొన్ని నెలలు వేసి మానేశారు. అందుకే వీటి వయసు ఆనవాళ్లను బట్టే చెప్పాలి. అంచు పట్టీ లేదంటే స్టైల్ 0 అనే మోడల్. అది 1922లో వచ్చింది. పైచెక్క అంచుకు రోజ్‌వుడ్ పట్టీ ఉంటే స్టైల్ 1 అయ్యేది. చెక్క బిరడాలు 1920ల చివరికల్లా పోయి, స్క్రూతో బిగించే లోహపువి వచ్చాయి. మెట్లను (తీగల కింద మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) పక్కనుంచి చూడండి: నిటారు రేకుల్లా ఉంటే పాత రకం, 1930ల మధ్యలో ఇంగ్లీషు టీ (T) అక్షరం ఆకారంవి వచ్చాయి. అన్నీ కలిస్తే మీది 1922కీ ఆ దశాబ్దం చివరికీ మధ్యది. బిరడాలు ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి మెట్లు చూసి చెప్పండి.

పగులు సంగతి. పెన్సిల్వేనియా చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో గాలి ఎండిపోతుంది, పలచటి మహాగని చెక్క అడ్డంగా కుంచించుకుపోయి నారవెంట చీలుతుంది. ఇది మామూలే, భయపడక్కర్లేదు. మంచి రిపేరర్ అయితే ముందు కొన్నాళ్లు తేమలో ఉంచి పగులు దానంతటది దగ్గరపడేలా చేస్తాడు. తర్వాత జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు వేడిచేసి నింపి, లోపల నారకు అడ్డంగా చిన్న చెక్కబిళ్లలు అతికిస్తాడు. సూపర్ గ్లూ అన్నాడా, ఉకులేలే వెనక్కి తీసుకుని వచ్చేయండి.

అసలు దొంగ ఆ స్టీలు తీగ. ఈ ఒళ్లు జంతువుల పేగుతో చేసిన తీగల కోసం చేసినది. స్టీలు లాగే లాగుడుకి బ్రిడ్జి లేచిపోతుంది, పైచెక్క ఉబ్బుతుంది. ఈ రాత్రే వదులు చేసి తీసేయండి, తర్వాత నాలుగూ నైలాన్‌వి వేయించండి.

గీకడం ఎందుకొద్దంటే, ఆ చెక్కలో గీకడానికంత మందం లేదు. శబ్దం పాడవుతుంది, కొనేవాడూ అసలు పూతకే డబ్బిస్తాడు. పొడిబట్టతో తుడవండి, మరీ జిడ్డుంటే కాస్త తడిపి పిండిన బట్ట. శానిటైజర్ తగలనివ్వద్దు, పాత పూతల్లో కొన్ని ఆల్కహాల్‌కి కరిగిపోతాయి.

గోదారి గట్టు:
అడ్డొస్తున్నానేమో గానీ, హవాయి వాయిద్యం నాజరెత్‌లో ఎలా తయారైందండీ?

పాతచెక్క:
అసలు హవాయిదీ కాదు. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో పోర్చుగల్ వారి మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికని జనం హొనొలులు వచ్చారు. వాళ్లలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో డయాస్, జోసే దో ఎస్పిరిటో సాంటో అనే ముగ్గురికి చెక్కపని వచ్చు. వాళ్ల మషేట్ అనే చిన్న తీగ వాయిద్యమే అక్కడి కోవా చెక్కతో ఉకులేలే అయింది. హవాయి రాజు కలాకౌవా ఆదరించడంతో పేరొచ్చింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రపంచ ప్రదర్శనలో హవాయి వాళ్లు వాయించాక అమెరికా అంతటా పిచ్చి పట్టుకుంది.

మార్టిన్ వాళ్లు 1907లోనే కొన్ని చేసి చూశారు. పైచెక్క స్ప్రూస్ అనే చెట్టుది, లోపల గిటార్‌కు వేసినట్టు బరువైన బద్దెలు. అవి ఎవరికీ నచ్చలేదు. తర్వాత మహాగనితో తేలిగ్గా చేశాక గిరాకీకి అంతే లేదు. 1920లలో ఆ కంపెనీ గిటార్ల కన్నా ఉకులేలేలే ఎక్కువ అమ్మింది. మీది ఆ రోజుల్లోది. పుట్టిల్లు నాజరెత్ కూడా ఈస్టన్ పక్కనే.

వీణ మాస్టారు:
చెక్క బిరడాల గురించి ఒక మాట. జారుతుంటే బలంగా నొక్కకండమ్మా, తల చీలుతుంది. వీణకైనా ఇదే జాగ్రత్త. బిరడా బయటికి తీసి, అరిగిన చోట కాస్త సుద్దపొడి రాసి పెట్టండి. బిగుసుకుపోతే సుద్ద బదులు పొడి సబ్బు. శ్రుతి చేసేటప్పుడు తిప్పుతూనే మెల్లగా లోపలికి నొక్కాలి.

ఈస్టన్ కోడలు:
అందరికీ థాంక్సండీ. మెట్లు నిటారు రేకులే! స్టీలు తీగ తీసేశాను. చిన్న అద్దం, ఫోన్ లైటూ పెట్టి లోపల చూస్తే, వెనకచెక్క మీద ఒక బద్దె ఒక చివర లేచినట్టుంది. వేలితో తడితే గిర్రుమంటోంది.

పాతచెక్క:
ఆ గిర్రు తీగ మోగినప్పుడు కూడా వినిపిస్తుంది. పగులుతో పాటే దాన్నీ అతికించమనండి, జిగురు అదే. అప్పటిదాకా తీగలు వదులుగా ఉంచి, కేసులో తేమ ప్యాకెట్ పెట్టండి, 50 శాతం దగ్గర ఉంటే చాలు. రిపేరయ్యాక అమ్మాయికివ్వండి, కానీ స్కూలుకి మాత్రం వేరే చవకది కొనివ్వండి. బస్సులో ఎవరైనా దాని మీద కూర్చుంటే ఏ జిగురూ పనికిరాదు.