40 మంది ట్రయల్‌కు బ్లాకులా, బొమ్మా బొరుసా?

అడుగు: శస్త్రచికిత్సనూ వ్యాయామ చికిత్సనూ పోల్చే ట్రయల్ మొదలుపెడుతున్నాం. మొత్తం 40 మంది. ఎవరికి ఏది అందిందో దాచడం కుదరదు. నలుగురేసి బ్లాకులైతే (ప్రతి నలుగురిలో ఇద్దరికి ఒక చికిత్స, ఇద్దరికి రెండోది, వరుస మాత్రం యాదృచ్ఛికం) గ్రూపులు సమానంగా వస్తాయని నేను, ప్రతి రోగికీ విడిగా బొమ్మా బొరుసే మేలని మా మార్గదర్శకులు. మీరేమంటారు?

నిలకడ: బ్లాకులే. నాణెం ఎగరేస్తే 25–15గానో అంతకు మించిన తేడాతోనో చీలే అవకాశం 15 శాతం. అంత శ్రమపడి ఆ ప్రమాదం ఎందుకు?

తెరచాటు: నిలకడ గారూ, ఆ చీలికను చూసి అంత భయం అక్కర్లేదు. 25–15గా చీలినా, 37 లేక 38 మందిని సరిసమానంగా పంచినంత సమాచారం దక్కుతుంది. పోయేది ఇద్దరు ముగ్గురి పాటి లెక్క.

నలుగురి బ్లాకుతో పోయేది అంతకంటే పెద్దది. మొదటి ఇద్దరికీ శస్త్రచికిత్స పడితే మిగిలిన ఇద్దరికీ వ్యాయామమే. మూడో రోగి ఇంకా గది బయటే ఉన్నారు, లోపలి వైద్యుడికి సంగతి తెలిసిపోయింది. ‘ఈయనకు ఆపరేషనే మంచిది’ అనిపిస్తే వచ్చే వారం రమ్మంటారు. అది తప్పని కూడా ఆయనకు తోచదు, రోగి మేలు కోరే చేశారు కదా! కానీ ట్రయల్ అక్కడే చెడిపోయింది. 250 ట్రయల్స్‌ను పరిశీలించి పరిశోధకుడు షుల్జ్ బృందం 1995లో చెప్పింది ఇదే: కేటాయింపును, అంటే రాబోయే రోగికి ఏ చికిత్స పడుతుందో, చేర్చుకునే ముందు సరిగా దాచని చోట చికిత్స ప్రభావం, ఆడ్స్ నిష్పత్తి (రెండు గ్రూపుల్లో ఫలితం కలిగే అవకాశాలను పోల్చే కొలత) లెక్కన, సగటున 41 శాతం ఎక్కువగా కనిపించింది.

నిలకడ: ఎవరికి ఏ చికిత్సో లోపల రాసి సీలు వేసిన కవర్లు ఉన్నాయిగా? 1948 నాటి స్ట్రెప్టోమైసిన్ (క్షయ మందు) ట్రయల్ వాటితోనే నడిచింది.

తెరచాటు: నడిచింది, కానీ ఆ కవర్లు వైద్యుడి బల్ల మీద లేవు. రోగిని చేర్చుకోవాలని నిర్ణయం అయ్యాకే కేంద్ర కార్యాలయంలో కవరు తెరిచేవారు. సీలు కాగితాన్ని మాత్రమే దాస్తుంది. జరిగిపోయిన ముగ్గురిని లెక్కపెట్టి నాలుగో వారికి ఏది పడుతుందో చెప్పగలిగితే, సీలు ఉన్నా లేకున్నా ఒకటే.

బ్లాకులే కావాలంటే 4, 6, 8 కలిపి యాదృచ్ఛికంగా మార్చండి. ఆ పరిమాణాలు రోగులను చేర్చేవారికి తెలియనివ్వకండి. అప్పుడూ ఊహకు కొంత చోటు మిగులుతుంది, అందుకే నా ఓటు మీ మార్గదర్శకులకే.

నిలకడ: పరిమాణాలు మార్చడానికి ఒప్పుకుంటాను. నాణేనికి మాత్రం ఒప్పుకోను. తీవ్రమైన కేసులన్నీ ఒకే వైపు పడితే ఏం చేస్తారు?

తెరచాటు: తీవ్రతను బట్టి ముందే రెండు కేటాయింపు జాబితాలు చేయాలి. ఒక్కో జాబితాలో రెండు వైపులా సమానంగా పడాలంటే అక్కడ బ్లాకులు తప్పవు, అది ఒప్పుకుంటున్నాను.

అడుగు: మా కేటాయింపు జాబితా రోగులను చేర్చే వైద్యుడి సొరుగులోనే ఉంది. దాన్ని ఈరోజే అక్కడి నుంచి తీయిస్తాను.