ఆడకుక్కకు ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఒకసారి పిల్లలు పెట్టాకా? తిరుపతిలో చేయించినవాళ్లు చెప్పండి

కొర్లగుంట_కోడలు:

నమస్కారం అండీ. మా చిట్టికి తొమ్మిది నెలలు, నాటు ఆడకుక్క, పోయిన నెల మొదటిసారి ఎదకొచ్చింది. అన్ని రోజులూ గేటు ముందు మగకుక్కల గుంపే, అవి ఒకదాన్నొకటి కరుచుకుని అరుస్తుంటే వీధిలో ఎవరికీ నిద్ర లేదు, దీన్నేమో మిద్దె మీద గదిలో పెట్టి కాపలా కాసుకున్నాం. ఇప్పుడు తగ్గింది. ఇంకో ఆరేడు నెలలకు మళ్లీ ఇదే టెన్షన్ కదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని నేనంటే ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట.

మా అత్తమ్మ "నోరులేని జీవం, ఒక్కసారన్నా పిల్లల్ని పెట్టనీండి, కడుపు కోయిస్తే దాని ఉసురు తగుల్తుంది" అంటారు. ఆమె కోపంతో అనే మాట కాదు, ఇంట్లో చిట్టిని అందరికంటే జాస్తి చూసుకునేది ఆమే. మా ఆయన "బయటికి వదలకుండా ఉంటే చాలు, బాగున్న కుక్కకు కోత ఎందుకు" అంటారు. పక్కింటాయనేమో "ఎద రాకుండా సూది ఉంది, అది వేయించండి, డబ్బూ మిగుల్తుంది" అని సలహా.

ఒకసారి పిల్లలు పెడితే నిజంగా ఆరోగ్యానికి మంచిదా? ఆ సూది సంగతేంటి? చేయించాలంటే ఎప్పుడు, ఎక్కడ? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

భవానీనగర్_రాకీ_అమ్మ:

చెల్లీ, మొదటిదానికి జవాబు సూటిగా చెప్తా. మంచిది కాదు. ఒకసారి పిల్లలు పెట్టడం వల్ల కుక్కకు ఒరిగేదేమీ లేదు. తల్లి కాలేదని కుక్క బెంగపెట్టుకోదు, ఎద వచ్చినప్పుడు దాని ఒంట్లో జరిగేదంతా హార్మోన్ల పనే, ఆపరేషన్ అయ్యాక ఆ తపనే ఉండదు. కానీ పిల్లలు పెట్టేటప్పుడు ప్రమాదం మాత్రం నిజంగా ఉంటుంది: పిల్ల అడ్డం తిరగొచ్చు, అర్ధరాత్రి సిజేరియన్ అవసరం పడొచ్చు, పాలిచ్చే రోజుల్లో కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు.

అసలు భయపడాల్సింది గర్భసంచిలో చీము పట్టడానికి. డాక్టర్లు పయోమెట్రా అంటారు. చంద్రగిరిలో మా అమ్మావాళ్ల స్పిట్జ్‌కు వచ్చింది, అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. ఎద అయిపోయిన నెలకు గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగడం మొదలుపెట్టింది, రాత్రిళ్లు పడుకున్న చోటే తడిపేస్తోంది, అన్నం గిన్నె వాసన చూసి మొహం తిప్పుకుంటోంది. ఎండాకాలం కదా, నీళ్లు తాగడం చూసి ఎవరికీ అనుమానం రాదు. తోక కింద వెంట్రుకలకు గోధుమ రంగు జిగట అంటుకుని ఉండడం మా నాన్న చూశాడు, ఆ పూటే తీసుకెళ్లి స్కాన్ చేయిస్తే గర్భసంచి నిండా చీము. ఆపరేషన్ చేసి తీశారు, బతికింది. కానీ ఒంట్లో విషం ఎక్కిన ముసలి కుక్కకు మత్తిచ్చి కోయడం వేరు, ఆడుతూ పాడుతూ ఉన్న ఏడాది పిల్లకు చేయడం వేరు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పదేళ్లు వచ్చేలోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఇది వస్తుందని స్వీడన్ పశుబీమా లెక్కల్లో తేలింది. మీ ఆయనకు ఇది చెప్పండి. గదిలో తాళం వేసి పెడితే మగకుక్కలు రావేమో గానీ ఈ జబ్బు ఆగదు.

రొమ్ము గడ్డల గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెప్తారు. 1969 నాటి ఒక అమెరికా పరిశీలనలో, మొదటి ఎదకు ముందే ఆపరేషన్ అయిన కుక్కలకు ఆ గడ్డల ముప్పు, ఆపరేషన్ కానివాటితో పోలిస్తే 0.5 శాతమే అనీ, ఒక ఎద దాటితే 8 శాతం, రెండు దాటితే 26 శాతం అనీ వచ్చింది. ఆ రుజువు అంత గట్టిది కాదని 2012లో ఇంకో సమీక్ష తేల్చింది కాబట్టి ఆ అంకెల్ని నేను పట్టుకుని కూర్చోను. చీము జబ్బు ఒక్కటి చాలు, నిర్ణయం తీసుకోడానికి.

ఇక మీ అత్తమ్మకు. ఆమెతో గొడవ పడొద్దు, ఒక్క పని చేయమనండి. నాటుకుక్క ఒక్క కాన్పులో ఐదారు పిల్లల్ని పెడుతుంది, అందులో ఏ పిల్లను ఏ ఇంటికి ఇస్తారో ఇప్పుడే పేర్లు చెప్పమనండి. మగపిల్లల్ని ఇద్దరు ముగ్గురు అడుగుతారు. ఆడపిల్లల్ని ఎవ్వరూ అడగరు. అవే గోనెసంచిలో రాత్రిపూట కూరగాయల మార్కెట్ వెనకకో, చికెన్ వ్యర్థాలు పోసే చోటికో చేరేది. ఉసురు అనేది ఉంటే అది అక్కడ తగుల్తుంది.

పుత్తూరు_కాంపౌండరు:

పశువైద్యశాలల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అమ్మా, ఆ సూది జోలికి పోవద్దు. అది హార్మోను సూది, గర్భసంచి లోపలి పొరను మందం చేస్తుంది, పై అక్క చెప్పిన చీము జబ్బుకు అదే దారి. రొమ్ము గడ్డలు, షుగరు కూడా వస్తాయి. ఎద మధ్యలో వేయించినా, చూడితో ఉందని తెలియక వేయించినా ఇంకా చేటు. చవక అని పోయి, తర్వాత దానికి ఎన్నో రెట్లు పెట్టిన వాళ్లను చూశాను.

ఎప్పుడు అంటే, ఎద పూర్తిగా తగ్గాక రెండు మూడు నెలలు ఆగండి. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తం ఎక్కువగా పారుతుంది, నాళాలు ఉబ్బి ఉంటాయి, కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. కొన్ని కుక్కలకు చూడి కట్టకపోయినా పొదుగు ఉబ్బి పాలు వస్తాయి, బొమ్మల్ని పిల్లల్లాగా ఒళ్లో పెట్టుకుంటాయి. అట్లా ఉంటే అది తగ్గేదాకా కూడా ఆగాలి.

మన వైపు ఇంకొకటి చూసుకోవాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. పిడుదులు. పిడుదుల జ్వరం పట్టిన కుక్క పైకి హుషారుగానే ఉంటుంది గానీ ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, బల్లమీద కోత పెట్టాక రక్తం ఆగదు. "ఆపరేషన్ చేయిస్తే కుక్క చచ్చిపోయింది" అని జనం చెప్పుకునే వాటిలో ఇట్లాంటివి ఉంటాయి, తప్పు ఆపరేషన్‌ది కాదు, ముందు రక్తపరీక్ష చేయించకపోవడం. కాబట్టి ముందు పిడుదులకు మందు వాడండి, పరీక్ష చేయించండి, టీకాలు, నట్టల మందు అయ్యాయా చూసుకోండి, రేబిస్ టీకా ఎట్లాగూ తప్పనిసరి. ముందు రోజు రాత్రి అన్నం పెట్టాక ఇంకేమీ పెట్టొద్దు, నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో డాక్టరు చెప్తారు. పొట్టలో అన్నం ఉండి మత్తులో కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాపం అనిపించి పొద్దున్నే బిస్కెట్ పెట్టే వాళ్లుంటారు, అత్తమ్మకు ఈ మాట గట్టిగా చెప్పండి.

ఎక్కడ అంటే, వెటర్నరీ కాలేజీ తిరుపతిలోనే 1955 నుంచి ఉంది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అక్కడి ఆసుపత్రికి పెందలాడే పోయి చీటీ రాయించుకోండి, తేదీ ఇస్తారు. ప్రైవేటులో అయితే మత్తు ఇచ్చేది ఎవరు, గ్యాసా సూదా, నొప్పి మందు ఎన్ని రోజులు, రాత్రి ఏదైనా అయితే ఫోన్ ఎత్తుతారా, ఇవి అడిగి చేయించండి. సమాధానం చెప్పడానికి విసుక్కునే చోట చేయించొద్దు.

గ్రీమ్స్‌పేట_జిమ్మీ:

అన్నీ ఒప్పుకుంటా గానీ ఒక మాట. ఎవరైనా చదివి తమ ల్యాబ్రడార్‌కు ఆర్నెల్లకే చేయించేస్తారేమో, అది నాకు నచ్చదు. పెద్ద జాతుల్లో ఎముకలు ఎదగకముందే చేయిస్తే మోకాలు, తుంటి కీళ్ల జబ్బులు ఎక్కువ అవుతున్నాయని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు గోల్డెన్ రిట్రీవర్ల మీద 2013లో చూపించారు, తర్వాత ల్యాబ్, జర్మన్ షెపర్డ్‌లలోనూ అదే కనబడింది. మా జిమ్మీ మగ ల్యాబ్, అందుకే ఏడాది దాటాక చేయించాం. మీ చిట్టిలాంటి చిన్న నాటుకుక్కకు ఈ భయం లేదు, పైన చెప్పిన రెండు మూడు నెలలు ఆగితే చాలు, అంతకుమించి ఆలస్యం అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఎప్పుడూ ఆడకుక్క గురించే మాట్లాడుకుంటాం. మీ గేటు ముందు గుంపు కట్టిన వాటిలో మెడకు బెల్టు ఉన్నవి ఎన్ని ఉన్నాయో గుర్తు చేసుకోండి. అవి ఇంటి కుక్కలే, "మగదే కదా, మనకేం" అని సాయంత్రం గేటు తీసి వదులుతారు. ఆ వదిలిన కుక్క వీధిలో ఎన్ని ఆడవాటిని కట్టినా యజమానికి కనబడదు, పిల్లలు వేరేవాళ్ల వాకిట్లో పుడతాయి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. పైగా వాటికే జబ్బు కూడా: కలయిక వల్ల ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే గడ్డ ఒకటి ఉంది, టీవీటీ అంటారు, జననాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారుతుంది. వారానికో కీమో ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతుంది గానీ వారాల పాటు ఆసుపత్రి చుట్టూ తిరగాలి.

మగకుక్కకు ఆపరేషన్ చిన్నది, పొట్ట కోయరు. చేయించాక ఒక నెలా నెలన్నర ఆడకుక్కల దగ్గరికి పోనివ్వొద్దు, అప్పటిదాకా కట్టే శక్తి మిగిలి ఉండొచ్చు. ఊరంతా తిరిగే బుద్ధి, ఎక్కడ పడితే అక్కడ కాలెత్తడం చాలావాటిలో తగ్గుతుంది. భయంతో కరిచే కుక్క మాత్రం దీనివల్ల సాధువు అయిపోదు, దానికి వేరే ట్రైనింగ్ కావాలి. ఆడైనా మగైనా తర్వాత అన్నం కొంచెం తగ్గించాలి, ఆకలి పెరిగి ఒళ్లు వస్తుంది. తగ్గించి నడిపిస్తే ఏమీ కాదు.

ఎమ్మార్‌పల్లి_పిల్లులు:

పిల్లుల వాళ్ల కోసం రెండు ముక్కలు. కుక్కలాగా ఆర్నెల్లు టైమ్ ఇవ్వవు ఇవి. నాలుగైదు నెలల పిల్లికే ఎద రావచ్చు, కట్టకపోతే రెండు మూడు వారాలకే మళ్లీ వస్తుంది, కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ చూడి కట్టేస్తుంది, రెండు నెలల్లో ఇంకో ఈత. అందుకే ఐదు నెలలకే చేయించేయండి. ఆపరేషన్ తర్వాత నొప్పిగా ఉందేమో అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క పిల్లికి అస్సలు వేయొద్దు, ప్రాణం పోతుంది.

కపిలతీర్థం_రోడ్డు:

నేను రోజూ వీధికుక్కలకు అన్నం పెడతాను, పట్టించి ఆపరేషన్‌కు కూడా పంపిస్తుంటాను. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా చేసి, చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి పట్టినవాటిని మాత్రం మళ్లీ అక్కడికే వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది. అదే నియమాల్లో పెంపుడు జంతువుకు టీకా, నట్టల మందు, ఆపరేషన్ యజమాని బాధ్యత అని రాసి ఉంది, ఈ వాక్యం ఎవరికీ గుర్తుండదు. మా వీధిలో ఉన్నవాటన్నిటికీ చెవి కత్తిరింపు అయిపోయి, హమ్మయ్య అనుకునేలోపు ఎవరో కొత్త పిల్లల్ని వదిలేసి పోతారు. వాటి మెడలో ఒక్కోసారి గజ్జెల తాడు కూడా ఉంటుంది. ఎంతో ముద్దుచేసి, ఎద వచ్చేసరికి వదిలించుకున్న ఆడపిల్లలు అవి. తిండీ నీళ్లూ లేక అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం, జరిమానా మాత్రం మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు. ఆ చట్టాన్ని నమ్ముకుని లాభం లేదు, మీలాగా ముందే అడిగేవాళ్లు కావాలి అక్కా.

కొర్లగుంట_కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇదంతా అత్తమ్మకు చదివి వినిపించా. ఆడపిల్లల్ని ఎవరూ అడగరు అన్న మాట దగ్గర ఆమె ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి "సరే, రక్తపరీక్ష మాత్రం ముందు చేయించండి" అన్నారు. మా ఆయన కూడా సరేనన్నాడు. తర్వాత ఇంట్లో ఎట్లా చూసుకోవాలో కూడా చెప్పండి, ఆ రోజు రాత్రి గురించే నాకు భయం.

భవానీనగర్_రాకీ_అమ్మ:

మొదటి రాత్రి కుక్క వణుకుతుంది, కుయ్యోమంటుంది, నిన్ను గుర్తుపట్టనట్టు చూస్తుంది. మత్తు దిగేటప్పుడు అట్లాగే ఉంటుంది, కంగారుపడకు. కింద గదిలో పాత చీర మడత వేసి దాని మీద పడుకోబెట్టు, ఫ్యాన్ సూటిగా తగలనివ్వకు, మంచం ఎక్కనివ్వకు, మిద్దె మెట్ల దగ్గర ఏదైనా అడ్డం పెట్టు. తల నిలబెట్టి చక్కగా నడిచేదాకా నీళ్లు కూడా వద్దు, తర్వాత కొంచెం కొంచెంగా, ఆకలేస్తే పలుచగా రెండు ముద్దలు.

కుట్లు నాకకుండా చూడడమే పెద్ద పని. మెడకు ప్లాస్టిక్ కోన్ కడితే కొన్ని కుక్కలు గోడలకు గుద్దుకుని అన్నం మానేస్తాయి. అట్లా అయితే పిల్లల పాత బనియన్ తీసుకుని ముందుకాళ్లు చేతుల్లోంచి దూర్చి, నడుము దగ్గర రబ్బరుబ్యాండుతో వదులుగా ముడి వేసి, తోక బయటికి వచ్చేలా కత్తిరించు. రోజూ పొద్దున బనియన్ ఎత్తి కుట్లు చూడు. కాస్త ఎర్రగా, కొంచెం వాపుగా ఉండడం మామూలే. తడి, చీము, వాసన, కుట్టు విడిపోవడం ఉంటే డాక్టరుకు చూపించు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, పొట్ట ఉబ్బి, లేవకుండా పడుకుని ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, లోపల రక్తం పోతోందని అర్థం. నొప్పి మందు డాక్టరు ఇచ్చిందే, మన మాత్రలు వద్దు.

పది రోజుల నుంచి రెండు వారాలు స్నానం, దూకడం, పరుగు లేదు, బయటికి పోవాలంటే తాడుతోనే. కుట్లు విప్పిన రోజే కోన్, బనియన్ తీసేయకు, ఆ చోట దురదగా ఉంటుంది, నాకి పుండు చేసుకుంటుంది. ఇంకో రెండు రోజులు ఉంచు.