ఇంటి కంప్యూటర్‌లో నాయన మెయిల్: పాప్ పెట్టాలా, ఐమ్యాప్ పెట్టాలా?

కడప_కొత్తిల్లు
అన్నలకు నమస్తే. ఇంట్లో ఒకటే డెస్క్‌టాప్, విండోస్ 11. నాయన ఇన్నాళ్లూ విండోస్‌తో వచ్చే మెయిల్ యాప్ వాడేవాడు. దానికి 2024 డిసెంబరు 31తో సపోర్టు ఆపేసినారు. ఇప్పుడు దాని బదులు కొత్త అవుట్‌లుక్ తెరుచుకుంటాంది, అది నాయనకు పడలేదు. థండర్‌బర్డ్ (కంప్యూటర్‌లో మెయిల్ చూసే ఉచిత ప్రోగ్రాం) వేద్దామనుకుంటున్నా. జీమెయిల్ 15 జీబీ నిండనీకి వచ్చింది, ఎర్ర గీత చూపిస్తాంది. అదే మెయిల్ నాయన ఫోన్‌లో కూడా చూస్తాడు. పింఛను కాగితాలు, ఎల్‌ఐసీ రసీదులు, పొలం పాసుబుక్కు స్కాన్లు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. నేనుండేది బెంగళూరులో. మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ మేలా, సర్వర్‌లోనే ఉంచి ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఒకేలా చూపించే ఐమ్యాప్ మేలా?

ఏడురోడ్లు
పాప్. ఇంకో ఆలోచనే వద్దు.
జీమెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్ పేజీకి పో. 'ఎనేబుల్ పాప్ ఫర్ ఆల్ మెయిల్' పెట్టు. దాని కిందనే, మెయిల్ దించుకున్నాక జీమెయిల్ కాపీని ఏం చెయ్యాల అని అడుగుతాది, అక్కడ డిలీట్ పెట్టు. 15 జీబీ గోల అంతటితో సరి.
థండర్‌బర్డ్‌లో ఒక తిరకాసు ఉండాది. అకౌంటు కలిపేటప్పుడు అది తనంతట తానే ఐమ్యాప్ ఎంచుకుంటాది. ఆడనే మాన్యువల్‌లోకి పోయి పాప్‌కు మార్చుకో. తర్వాత మార్చేదానికి కుదరదు, అకౌంటు తీసేసి మళ్లీ కలపాల్సిందే. సర్వర్ పాప్.జీమెయిల్.కామ్, పోర్టు (సర్వర్‌లోకి పోయే దారి నంబరు) 995, ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మాటలను గుప్తం చేసే పద్ధతి), అథెంటికేషన్ ఓఆథ్2 (గూగుల్ లాగిన్ కిటికీతో లోపలికి పోయేది). లాగిన్ కిటికీ తెల్లగా నిలబడిపోతే థండర్‌బర్డ్‌లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడు. పాత మెయిలంతా ఒక్కపారి రాదు. కొన్ని వందలు వచ్చి ఆగుతాది, మళ్లీ మళ్లీ గెట్ మెసేజెస్ కొడతా ఉండాల.

టవర్‌క్లాక్
ప్రశ్న చదివే జవాబు రాసినావా సామీ? నాయన ఫోన్‌లో కూడా చూస్తాడని రాసినాడు కదా. పాప్‌లో డిలీట్ పెడితే కంప్యూటర్ దించుకున్న ప్రతి మెయిలూ ఫోన్ ఇన్‌బాక్స్‌లోంచి మాయమవుతుంది. బ్యాంకులో నిలబడి రసీదు చూపించాలంటే ఆయన ఇంటికి పరుగెత్తాలా?

ఐమ్యాప్ పెట్టుకో తమ్ముడూ. ఐమ్యాప్.జీమెయిల్.కామ్, పోర్టు 993. మొదట చెయ్యాల్సింది ఒకటుంది: అకౌంటు మీద కుడి క్లిక్, సబ్‌స్క్రైబ్, అందులో 'ఆల్ మెయిల్' ముందున్న టిక్ తీసెయ్. లేకుంటే ఇన్‌బాక్స్‌లో ఒకసారి, ఆల్ మెయిల్‌లో ఒకసారి, ఒకే ఉత్తరం డిస్కులోకి రెండుసార్లు దిగుతుంది. ఇంకొకటి, జీమెయిల్ ఐమ్యాప్‌లో రోజుకు 2500 ఎంబీకి మించి దించుకోనివ్వదు, దాటితే అకౌంటును కొంతసేపు ఆపేస్తుంది. నువ్వు గొప్పగా చెప్పే పాప్‌కైతే ఆ హద్దు 1250 ఎంబీయే. కాబట్టి ఏది పెట్టినా మొదటి దించుడు రోజుల పని.

ఉగ్గాని_బజ్జి
మొదలుపెట్టినారు. నేను టీ తెచ్చుకుంటా.

బురుజు_కర్నూలు
వచ్చే మెయిల్ గురించే కొట్లాడుతున్నారు, పోయే మెయిల్ ఎవరూ చెప్పలేదు. మెయిల్ పంపే సర్వర్ ఎస్‌ఎంటీపీ.జీమెయిల్.కామ్, పోర్టు 465, ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. 25 వాడొద్దు, ఇంటి కనెక్షన్లలో దాన్ని చాలాచోట్ల మూసేస్తారు.

టవర్‌క్లాక్
587, స్టార్ట్‌టీఎల్‌ఎస్. అందరూ వాడేది అదే.

బురుజు_కర్నూలు
అందరూ వాడినంత మాత్రాన అదే మంచిదైపోదు. 587లో మాటలు మామూలుగా మొదలై మధ్యలో గుప్తం అవుతాయి. 465లో మొదటి అక్షరం నుంచే గుప్తం. 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8314 కూడా 465 వైపే మొగ్గింది.

ఏడురోడ్లు
పోర్టుల గోల పక్కన పెట్టండప్పా. ఫోన్ సంగతికి వస్తా. థండర్‌బర్డ్ సర్వర్ సెట్టింగ్స్‌లో 'లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్' ఉండాది, దాని కింద 'ఫర్ అట్ మోస్ట్ 14 డేస్' అనే గడి ఉండాది. 14 తీసి 60 కొట్టుకుంటే ఫోన్‌లో రెండు నెలల మెయిల్ ఉంటాది, అంతకన్నా పాతది సర్వర్‌లో పోతాది. ఇంట్లో అంతా ఉంటాది. ఇంకేం కావాల?

టవర్‌క్లాక్
జీమెయిల్ ఆ గడిని లెక్కచెయ్యదు. దించుకున్నాక ఉంచాలా తీసెయ్యాలా అన్నది వెబ్ సెట్టింగ్స్‌లో పెట్టిందే చెల్లుతుంది. అక్కడ డిలీట్ ఉంటే వెంటనే పోతుంది, కీప్ ఉంటే ఎప్పటికీ ఉంటుంది. మధ్యలో 60 రోజులు లేవు.

ఏడురోడ్లు
నాకు పనిచేస్తాంది.

టవర్‌క్లాక్
నీది జీమెయిలేనా?

ఏడురోడ్లు
సొంత డొమైన్. అయితే ఏమి? పాప్ అంటే పాపే.

టవర్‌క్లాక్
అయితే ఏమంటావా! అడిగింది జీమెయిల్ గురించి. మామూలు సర్వర్‌లో 14 రోజుల గడి పనిచేస్తుంది, నేను కాదనలేదు. జీమెయిల్‌లో చెయ్యదు. నీ మాట నమ్మి 60 కొట్టుకొని, వెబ్‌లో డిలీట్ పెట్టుకున్నవాడి ఫోన్ మరుసటి రోజుకే ఖాళీ. అయినా డిలీట్ పెట్టినవి నేరుగా పోవు, బిన్‌లో (చెత్తబుట్టలో) 30 రోజులుంటాయి, అన్నాళ్లూ 15 జీబీ లెక్కలోనే ఉంటాయి. 'అంతటితో సరి' అన్నావు చూడు, అదీ తప్పే.

ఇంకోటి. జీమెయిల్ పాప్‌లో ఫోన్ నుంచి నాయన పంపిన మెయిల్స్ కూడా కంప్యూటర్ ఇన్‌బాక్స్‌లోకే వచ్చి పడతాయి. 'ఫ్రమ్‌లో నా అడ్రసు ఉంటే సెంట్‌లో వెయ్యి' అని ఫిల్టర్ రాయకపోతే ఆయన రాసిందే ఆయనకు వచ్చినట్టు కనబడుతుంది.

ఏడురోడ్లు
ఫిల్టర్ రాసేదానికి ఎంతసేపు? ఒక్క లైను. నీ ఐమ్యాప్ కత చెప్తా విను. నాయన ఫోన్‌లో వేలు తగిలి నూరు మెయిల్స్ చెరిపితే కంప్యూటర్‌లో ఏమవుతాయి?

టవర్‌క్లాక్
అక్కడా పోతాయి. బిన్‌లో 30 రోజులుంటాయి కాబట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఏడురోడ్లు
31వ రోజు చూసుకుంటే? అదీ నేను చెప్పేది. 'కీప్ మెసేజెస్ ఆన్ దిస్ కంప్యూటర్' టిక్ పెట్టుకొని, ఇంట్లో కాపీ ఉండాదిలే అని నిమ్మళంగా కూర్చుంటారు అందరూ. అది అద్దంలో బొమ్మ. సర్వర్‌లో పోతే ఈడా పోతాది.

ఉగ్గాని_బజ్జి
ఈ ఒక్క మాటకు ఏడురోడ్లు అన్నకు నా ఓటు. మిగతాదానికి కాదు.

టవర్‌క్లాక్
సరే, పాప్‌లో ఇంట్లో ఉన్నది మాత్రం ఏమంత గట్టిది? థండర్‌బర్డ్‌లో ఒక్కో ఫోల్డర్ ఒక్కో ఎంబాక్స్ ఫైలు. ఇన్‌బాక్స్ అంతా ఎక్స్‌టెన్షన్ లేని ఒకే ఫైలు. యాంటీవైరస్‌కు దాంట్లో ఒక్క చెడ్డ అటాచ్‌మెంట్ కనబడిందనుకో, మొత్తం ఫైలునే ఎత్తి క్వారంటైన్‌లో పెట్టే ప్రమాదముంది. తెల్లారి చూస్తే ఇన్‌బాక్స్ సున్నా. థండర్‌బర్డ్ మెయిలంతా దాచే ప్రొఫైల్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ స్కాన్ నుంచి మినహాయించాలని ఎంతమందికి తెలుసు? చెరిపిన మెయిల్స్ కూడా ఆ ఫైల్లోనే ఉంటాయి, కాంపాక్ట్ చేసేదాకా సైజు తగ్గదు. కాంపాక్ట్ నడుస్తుండగా కరెంటు పోయి, యూపీఎస్ లేకపోతే? ఎండాకాలం మన ఊళ్లలో కరెంటు సంగతి నేను చెప్పాలా?

ఏడురోడ్లు
దానికే బ్యాకప్ అనేది. థండర్‌బర్డ్ మూసెయ్, విండోస్ ప్లస్ ఆర్ నొక్కి పర్సెంట్ యాప్‌డేటా పర్సెంట్ కొట్టు, థండర్‌బర్డ్ ఫోల్డర్‌ను ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేసుకో. అయిపాయ.

బురుజు_కర్నూలు
అన్నా, కొన్ని పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో వస్తాయి. దాంట్లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఇన్‌బాక్స్ 6 జీబీ ఉంటే అక్కడే ఎర్రర్ ఇస్తుంది. చాలామంది స్కిప్ కొట్టేస్తారు, ఇన్‌బాక్స్ తప్ప మిగతావన్నీ బ్యాకప్ అవుతాయి. ముందే ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో ఫార్మాట్ చేసుకోవాలి.

టవర్‌క్లాక్
చూసినారా? యాంటీవైరస్, కాంపాక్ట్, ఫ్యాట్32. డెబ్బై ఏండ్ల మనిషి నెలనెలా ఇవన్నీ చేస్తాడా? బ్యాకప్, బ్యాకప్ అని చెప్పేవాళ్లే కానీ తీసేవాళ్లు ఏరీ? మా చిన్నాయన ఇంట్లో రిపేరుకిచ్చిన కంప్యూటర్‌ను షాపు పిల్లోడు ఒక్క మాట అడక్కుండా ఫార్మాట్ కొట్టి పంపినాడు. పాప్‌లో దించుకున్న మెయిలంతా గంగలో కలిసింది. ఇట్లాంటి సలహా ఇచ్చేవాళ్లకు పోగొట్టుకునేవాళ్ల బాధ ఏం తెలుస్తుంది?

ఏడురోడ్లు
నాకు తెలీదా? మా పెదనాయన రిటైరైన టీచరు. రీచార్జి చెయ్యక సిమ్ పాయ, నంబరు ఇంకెవరికో ఇచ్చినారు. ఫోను మార్చి లాగిన్ కొడితే ఓటీపీ ఆ ఎవరికో పోతాంది. మెయిల్ కంపెనీ పేరెత్తను. ఫారం నింపు, మళ్లీ నింపు, 'ఇది మీదేనని నిర్ధారించలేకపోయాం'. మాట్లాడేదానికి ఆడ మనిషే లేడు. ఐమ్యాప్ పెట్టుకున్నాడు పాపం, ఫోల్డర్ల పేర్లు కనబడతాండె, తెరిస్తే ఖాళీ. నువ్వు డిస్కు అంటావు. డిస్కు పోతే కనీసం తిట్టేదానికి ఊర్లో ఒక షాపన్నా ఉండాది.

ఉగ్గాని_బజ్జి
ఇప్పుడు కదా అసలు సంగతి బయటపడింది. ఇద్దరూ ఇంతసేపూ పోర్టు 995, 993 అని ఎందుకు అరిచినట్టు?

టవర్‌క్లాక్
ఆయన అకౌంటు పోయింది ఐమ్యాప్ వల్ల కాదు, రికవరీ ఈమెయిలు, బ్యాకప్ కోడ్లు పెట్టుకోనందువల్ల. గూగుల్‌లో టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ) పెట్టుకున్నాక 10 బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటే సిమ్ పోయినా లోపలికి పోవచ్చు.

ఏడురోడ్లు
బ్యాకప్ తీయని మనిషి కోడ్లు మాత్రం రాసి పెట్టుకుంటాడా?

తుంగభద్ర
ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. కడప తమ్ముడూ, ముందు గూగుల్ స్టోరేజి పేజీ తెరిచి ఆ 15 జీబీలో మెయిల్ వాటా ఎంతో చూడండి. డ్రైవ్, ఫోటోలు, మెయిల్ మూడింటికీ కలిపి అదే 15. చాలా ఇళ్లలో నింపేది ఫోన్ నుంచి ఎక్కే ఫోటోలే. అట్లయితే పాప్ పెట్టినా ఎర్ర గీత కదలదు.

మెయిలే ఎక్కువైతే, ఐమ్యాప్ పెట్టుకొని పాత సంవత్సరాలను మాత్రం లోకల్ ఫోల్డర్స్‌లోకి తెచ్చుకోండి. లోకల్ ఫోల్డర్స్ మీద కుడి క్లిక్ చేసి 2019 అని ఫోల్డర్ చెయ్యండి. ఇన్‌బాక్స్‌ను తేదీ వరుసలో పెట్టి, ఆ ఏడాదివి ఎంచుకొని కుడి క్లిక్, కాపీ టు. మూవ్ వద్దు. కాపీ మధ్యలో ఆగితే మళ్లీ చేసుకోవచ్చు, సర్వర్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు. అయ్యాక ఫైల్ మెనూలో వర్క్ ఆఫ్‌లైన్ పెట్టి, నాలుగైదు పెద్ద అటాచ్‌మెంట్లు తెరిచి చూడండి. నెట్ లేకుండా తెరుచుకుంటేనే అది నిజంగా డిస్కులో ఉన్నట్టు. అప్పుడు వెబ్‌లో ఇన్‌బాక్స్‌లోంచి కాపీ చేసుకున్న ఆ ఏడాదివి మాత్రమే చెరిపి బిన్ ఖాళీ చెయ్యండి. లోకల్ ఫోల్డర్స్‌కు సర్వర్‌తో సంబంధం ఉండదు, ఫోన్‌లో ఏం చెరిపినా వాటికి ఏమీ కాదు. ఏడాదికో ఫోల్డర్ కాబట్టి సాధారణంగా ఏ ఫైలూ 4 జీబీ దాకా పెరగదు. పెన్‌డ్రైవ్ గొడవా చాలావరకు తీరుతుంది.

ఏడురోడ్లు
అది పాపే. పేరు మార్చినావు అంతే.

టవర్‌క్లాక్
కాదు, ఐమ్యాపే. కాకపోతే వెబ్‌లో చెరిపాక 2019 అంతా మళ్లీ ఒక్క డిస్కు మీదే ఉంటుంది కదా. నా ప్రశ్న అక్కడే ఉంది. ఆ డిస్కును చూసుకునేది ఎవరు?

కడప_కొత్తిల్లు
నేనే టవర్‌క్లాక్ అన్నా. నెలకోసారి ఊరికి వస్తా, ఎక్స్‌టర్నల్ డిస్కు నా బ్యాగులో ఉంటాది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌దే. అది బెంగళూరులోనే పెట్టుకుంటా. బ్యాకప్ కోడ్లు కూడా ప్రింట్ తీసి అమ్మకిచ్చినా. ఏడురోడ్లు అన్న చెప్పిన సిమ్ కత విన్నాక ముందు ఆ పనే చేసినా.

స్టోరేజి పేజీ చూస్తే మెయిల్ 9 జీబీ ఉంది. తుంగభద్రన్న చెప్పినట్టు 2019 కాపీ చేసినా. ఒక అనుమానం. వెబ్‌లో ఆ ఏడాది తేదీలు కొట్టి వెతికితే కొన్ని వందలే చూపిస్తాంది, థండర్‌బర్డ్‌లో మాత్రం దానికి దాదాపు రెండింతలు ఉన్నాయి. రెండుసార్లు కాపీ అయినాయా?

తుంగభద్ర
కాకపోవచ్చు. వెబ్‌లో జీమెయిల్ లెక్కపెట్టేది సంభాషణలను. ఒక ఉత్తరం, దానికి మూడు జవాబులు కలిస్తే అక్కడ ఒకటే, థండర్‌బర్డ్‌లో నాలుగు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో జనరల్ పేజీలో కాన్వర్సేషన్ వ్యూ ఆఫ్ చేసి, ఇన్‌బాక్స్ వరకే ఆ తేదీలు మళ్లీ వెతకండి. రెండు అంకెలూ దగ్గరికి వస్తాయి. తేదీ వరుసలో ఒకే నిమిషంలో ఒకే పేరు, ఒకే సబ్జెక్టు జంటలుగా కనబడితేనే రెండుసార్లు కాపీ అయినట్టు.

కడప_కొత్తిల్లు
ఆఫ్ చేసి చూసినా, సరిపోయింది. 2020 మొదలుపెడతాండా.

బురుజు_కర్నూలు
పోయే మెయిల్‌కు ఏ పోర్టు పెట్టినావో చెప్పనేలేదు.

కడప_కొత్తిల్లు
థండర్‌బర్డ్ అదే 465 పెట్టుకుంది అన్నా. నేను ముట్టుకోలేదు.